గ్యాసు మీరు తీసుకోండి, స్లర్రీ మాకివ్వండి

మా పశ్చిమ ప్రకాశంలోకి ఏ పథకం వచ్చినా ముందు వినబడే మాట బంజరు. సోలార్ పలకలు పెడతామన్నప్పుడు బంజరే, పామూరు పక్కన నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి అన్నప్పుడు బంజరే, ఇప్పుడు గడ్డితో గ్యాసు తీస్తామన్నా బంజరే. 2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ వారి కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. మంత్రి నారా లోకేశ్ వచ్చారు. ఇలాంటివి రాష్ట్రంలో 500 కడతామనీ, పెట్టుబడి 65,000 కోట్ల రూపాయలనీ, రెండున్నర లక్షల మందికి పని దొరుకుతుందనీ ప్రకటించారు. వాళ్ల లెక్కనే భాగించి చూస్తే ఒక్కో ప్లాంటుకి 130 కోట్లు, ఒక్కోదాని చుట్టూ 500 మందికి పని.

కనిగిరి చుట్టుపక్కల 500 మందికి పని అంటే చిన్న మాట కాదు. హైదరాబాదులో వాచ్‌మన్‌గానో, బెంగళూరులో సెంట్రింగ్ పనికో మనిషిని పంపని ఇల్లు మా వైపు వెతికి పట్టుకోవాలి. అందుకని ఈ ప్లాంటు వద్దనే వాళ్లలో నేను లేను. రావాలి. వచ్చే ముందు నేల లీజు కాగితం మీద ఏం రాసుకుంటారన్నదే నా గొడవ. ముఖ్యంగా ఒక్క విషయం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అది గ్యాసు కాదు, గ్యాసు తీశాక మిగిలేది.

నేను ఇంజనీరుని కాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, పాడి చూసుకుంటున్న మనిషిని. అయినా ఈ విద్య నాకు కొత్తది కాదు. ఎనభైల చివర్లో మా మామగారు పెరట్లో కట్టించిన దీనబంధు గోబర్ గ్యాస్ గుంట ఇప్పటికీ నడుస్తోంది. అంతకు ముందు ఊళ్లో ఒకరిద్దరికి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ మోడల్ ఉండేది. దానికి పైన ఇనుప డ్రమ్ము. గ్యాసు నిండితే లేచేది, వాడేస్తే దిగేది. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది గానీ తుప్పుకి తట్టుకోలేకపోయింది. 1984లో అఫ్‌ప్రో సంస్థ తీసుకొచ్చిన దీనబంధులో ఇనుము గొడవ లేదు. ఇటుక, సిమెంటు, భూమిలో పూడ్చిన డోము. దాని ఆయుష్షంతా మేస్త్రీ చేతిలో ఉంటుంది. డోముకి వెంట్రుకంత పగులున్నా గ్యాసు నిలవదు. మా మేస్త్రీ ఎవరో గానీ గట్టివాడు.

ఒక ఘనమీటరు గ్యాసుకి సుమారు పాతిక కిలోల పేడ కావాలి. నలుగురైదుగురున్న ఇంటికి రెండు ఘనమీటర్లు చాలు. అంటే రోజూ యాభై కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు. తొట్టిలో పోసి, గడ్డిపోచలు ఏరేసి, ఉండలు లేకుండా కలిపి, బిరడా తీసి వదలాలి. ఈ పని ఇంట్లో ఎవరి వంతో నేను చెప్పక్కర్లేదు. చలికాలంలో గ్యాసు సగానికి పడిపోతుంది. పైపులో నీళ్లు చేరితే పొయ్యి మీద మంట ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు పైపు విప్పి, నీళ్లు వంచేసి మళ్లీ బిగించాలి. సిలిండర్ పొయ్యి దీనికి పనికిరాదు, పెద్ద బెజ్జాల బర్నరు వేరే కావాలి.

అందుకే 1999లో దీపం పథకం కింద ఆడవాళ్లకి సిలిండర్లు ఇవ్వడం మొదలయ్యాక ఊళ్లల్లో గుంటలు ఒకటొకటిగా మూతపడ్డాయి. అప్పటికే ట్రాక్టర్లొచ్చి ఎద్దుల్ని పంపేశాయి. ఒంగోలు గిత్తల జిల్లా అని పేరు మిగిలింది గానీ దొడ్లో గిత్త ఉన్న ఇల్లు ఎక్కడుంది? వదిలేసిన వాళ్లని నేను తప్పుపట్టను. నాబ్ తిప్పగానే వెలిగే మంటని కాదని మోచేతుల దాకా పేడలో ముంచమని ఏ కోడలికి చెప్తాం? మా ఇంట్లోనూ సిలిండర్ ఉంది. టీలు, టిఫిన్లు దాని మీదే.

మరి గుంట ఎందుకు నడుపుతున్నామంటే, గ్యాసు పోయాక అవతలి గట్టు నుంచి రోజూ పొర్లి వచ్చే పల్చటి మిగులు, స్లర్రీ కోసం. అది పచ్చి పేడలా వాసన రాదు, ఈగలు ముసరవు, గడ్డి గింజలు చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. కాలవ తీసి ములగ చెట్లకీ, వంగ మడికీ, పశుగ్రాసం మడికీ మళ్లిస్తాం. మిగిలింది ఎండబెట్టి కందిచేలో చల్లుతాం. గ్యాసుగా పైకి పోయేది మీథేన్, కార్బన్ డయాక్సైడ్. అంటే గాలి నుంచీ నీటి నుంచీ మొక్క పట్టుకున్నదే మళ్లీ గాల్లోకి పోతోంది. నేల నుంచి మొక్క లాక్కున్న నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపుగా గుంటలోనే ఉండిపోయి స్లర్రీతో బయటికొస్తాయి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే 130 కోట్ల ప్లాంటు గురించి అడగాల్సిన ప్రశ్న తెలిసిపోతుంది.

గడ్డి కోసి ప్లాంటుకి తోలిన ప్రతిసారీ పొలంలోని పొటాష్, నత్రజని కూడా లారీ ఎక్కుతాయి. స్లర్రీ తిరిగి వచ్చిందా, పొలం అప్పు తీరింది. రాలేదా, రెండో ఏడాదికి గడ్డి పసుపు తిరుగుతుంది, యూరియా కట్ట కొనాలి. 2025 ఖరీఫ్‌లో తెలంగాణలో రైతులు యూరియా కోసం పొద్దున్నే వచ్చి చెప్పులు వరసలో పెట్టి కూర్చున్న ఫొటోలు అందరం చూశాం. పచ్చటి ఇంధనం కోసం గడ్డి పెంచి, ఆ గడ్డి కోసం ఆ క్యూలోనే నిలబడితే ఇందులో పల్లెకి ఒరిగిందేమిటి?

ఈ మిగులుకి కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పేరు కూడా పెట్టింది, ఎఫ్‌ఓఎం అని. అంటే పులిసిన సేంద్రియ ఎరువు. దీని అమ్మకాలకి టన్నుకి 1,500 రూపాయల సాయం 2023లో ప్రకటించింది. మంచిదే. కానీ ఆ సాయం అందేది అమ్మేవాళ్ల చేతికి. మా చేలోంచి పోయిన సారాన్ని సంచిలో నింపి, బొమ్మ అంటించి, మళ్లీ మాకే అమ్మడానికి ప్రోత్సాహం అన్నమాట. గడ్డి ఇచ్చిన ఎకరాకి ఎరువు ఊరికే తిరిగి రావాలని మాత్రం ఎక్కడా రాసి ఉన్నట్టు నేను చూడలేదు.

ఊరికే ఇవ్వడానికి కంపెనీకి ఇష్టం ఉన్నా ఇంకో చిక్కుంది. స్లర్రీలో ఎక్కువ భాగం నీళ్లే. ట్యాంకర్లో ముప్పై కిలోమీటర్లు తోలితే డీజిల్ ఖర్చు ఎరువు విలువని మింగేస్తుంది. ప్లాంటు ఎంత పెద్దదైతే గడ్డి అంత దూరం నుంచి రావాలి, స్లర్రీ అంత దూరం వెళ్లాలి. దూరం పెరిగేకొద్దీ చివరికి జరిగేది, దగ్గరున్న కొద్ది ఎకరాల మీద అది అతిగా పారడం, దూరాన గడ్డి ఇచ్చిన పొలం ఎండిపోవడం. 2018లో కేంద్రం సతత్ పేరుతో 2023-24 కల్లా ఇలాంటి ప్లాంట్లు 5,000 కడతామంది. గడువు దాటేనాటికి అందులో చిన్న భాగమే లేచింది. కారణాల్లో ఈ మిగులు అమ్ముడుపోకపోవడం ఒకటి. అంటే ఇది పల్లెటూరి టీచరమ్మ చాదస్తం కాదు, కంపెనీల బ్యాలెన్స్ షీట్లలో కూడా ఉన్న సమస్యే.

ఇక గడ్డి. ప్లాంటు కోసం పెంచుతామంటున్న నేపియర్ మాకు తెలియంది కాదు. పాడి ఉన్న ఇంట్లో బోరు పక్కన కొన్ని సెంట్లలో సూపర్ నేపియర్ వేసుకుంటాం. నెలా పదిహేను రోజులకో కోత. బోరు పక్కన అన్న మాట వదిలేయకండి. నీళ్లూ ఎరువూ ఇస్తే మనిషెత్తు దాటుతుంది. ఇవ్వకపోతే చావదు గానీ ఎండాకాలమంతా ముడుచుకుని కూర్చుంటుంది. గుంటలోని సూక్ష్మజీవులకి మాత్రం మే నెలలోనూ రోజూ మేత పడాలి. మా నేలల్లో బోర్లలో వచ్చే కాసిని నీళ్లలోనూ ఫ్లోరైడ్. మా మెట్టకి నీళ్లిస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసిన రోజు మా పెద్దవాడు పలక పట్టుకుని బడికి పోయేవాడు. ఇప్పుడు వాడి పిల్లలు పోతున్నారు. కాలవ నీళ్లతో గడ్డి పెంచుతామంటే ఆ కాలవ ఏదో చూపించాలి. బోర్లతో పెంచుతామంటే తాగే నీళ్ల సంగతి తేల్చాలి.

బంజరులో పెరుగుతుంది, నీళ్లు పెద్దగా అక్కర్లేదు, కొనే బాధ్యత మాది. ఈ మూడు మాటలూ మేం ముందే విన్నాం. ఇరవై ఏళ్ల కిందట ఇవే మాటలు జత్రోఫా గురించి చెప్పారు. అడవి ఆముదం అంటామే, అదే. డీజిల్ చెట్టు అన్నారు. 2009 జాతీయ విధానం 2017 కల్లా డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం కలుపుతామంది. చెట్టు బతికింది, నిజమే, మేకలు కూడా ముట్టని చెట్టు. కాయే కాయలేదు. నీళ్లు పెట్టిన చోట కాసింది, కానీ నీళ్లే ఉంటే ఎవరైనా మిర్చి వేసుకుంటారు గానీ అడవి ఆముదం ఎందుకు వేస్తారు? నేపియర్ దానికన్నా వెయ్యి రెట్లు నమ్మకమైన పంట, ఒప్పుకుంటాను. బంజరు లెక్క మాత్రం అదే లెక్క.

కొనేవాడు ఒక్కడే అయితే ఏమవుతుందో మా జిల్లాకి సుబాబుల్ నేర్పింది. కాగితం మిల్లులకి వేసుకోండి, చూడక్కర్లేని పంట అన్నారు. వేలాది మంది వేశారు. ధర ఒక ఏడు బాగుంది, ఇంకో ఏడు కొట్టుడు కూలి కూడా రాలేదు. సర్కారు ధర కట్టినా కాటా దగ్గర తరుగు, డబ్బుల దగ్గర ఆలస్యం. మా చిన్న మరిది నాలుగెకరాల్లో వేసి, కొట్టిన కట్టె డబ్బుల కోసం మరుసటి సంక్రాంతి దాకా తిరిగాడు. చెట్టు నిలబెడితే బరువు పెరుగుతుందని ఆశైనా ఉండేది. నేపియర్‌ని అలా ఆపే వీలు లేదు. కోత దాటితే ముదిరి కట్టెబారుతుంది, కోస్తే రెండు రోజుల్లో వాడుతుంది. ప్లాంటు వాళ్లు మెషిను రిపేరు, ఈ వారం రావొద్దు అంటే రైతు ఏం చేయాలి? గడ్డి ధర దేనితో ముడిపెడతారు, తేమ ఎవరు కొలుస్తారు, ప్లాంటు ఆగిన వారానికి కూలి ఎవరిస్తారు, ఇవన్నీ ఇప్పుడే అడగాలి.

పల్లెల్లో జీవ ఇంధనం కొత్తగా వస్తోందన్నట్టు మాట్లాడతారు గానీ మా వైపు అది ఎప్పుడూ ఉన్నదే. పొగాకు బ్యారన్లు రాత్రింబవళ్లు మండేది కట్టెతోనే. చిల్లచెట్ల బొగ్గు బట్టీల్లో యానాది కుటుంబాలు ముఖం కనపడని మసిలో పని చేస్తాయి. పట్నం తందూరీ పొయ్యిల్లో మండే బొగ్గు అది. చిల్ల కంపతో, ఊకతో నడిచే చిన్న కరెంటు ప్లాంట్లు కూడా రాష్ట్రంలో తొంభైల చివర్లో, ఆ తర్వాతా వచ్చాయి. 2004లో విద్యుత్ రెగ్యులేటరీ కమిషన్ యూనిట్ ధర తగ్గించింది. ఇటు ఊక ధర పెరిగింది. చాలా ప్లాంట్లు చతికిలపడ్డాయి. ఇందులోంచి నేను తీసుకున్నదొక్కటే: ఇంధనానికి ఇచ్చే ధర రాజధానిలోనో ఢిల్లీలోనో ఒక ఉత్తర్వుతో మారుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది కంప కొట్టే మనిషికి.

బాగా జరిగిన చోటు లేదా అంటే ఉంది, మరీ చిన్నది. ఆదిలాబాదు అడవుల్లో జైనూరు మండలం పవర్‌గూడ. గోండు గూడెం. 2002 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లు ఉట్నూరు ఐటీడీఏ, ఇక్రిశాట్ సాయంతో నాలుగున్నర వేల కానుగ మొక్కలు నాటారు. గింజ ఏరడం, ఆడించడం, నూనె తీయడం అన్నీ సంఘానివే. మిల్లు వాళ్ల చేతిలో ఉండేది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మన డబ్బుల్లో ముప్పై వేలకి కాస్త అటూ ఇటూ. నవ్వుకునేంత చిన్న మొత్తం. అయినా ఆ డబ్బు ఎవరికొచ్చింది? గింజ ఏరిన వాళ్లకే వచ్చింది. నూనె తీయగా మిగిలిన చెక్క కూడా గూడెంలోనే ఉండేది. కానుగ చెక్క చేనుకి ఎంత బలమో రైతుకి చెప్పాలా? 65,000 కోట్ల పథకంలో వెతికినా కనబడనిది ఆ 645 డాలర్లలో కనబడింది నాకు. నూనె వ్యాపారంగా అది దేశాన్ని ఉద్ధరించలేదు, ఉద్ధరిస్తుందని నేననడం లేదు. మిగులు ఎక్కడ ఆగిందన్నదే చూడమంటున్నాను.

గొర్రెల సంగతి ఎవరి నివేదికలోనూ ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పాలి. రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసిన నేల మీద ఏడాదిలో ఎనిమిది నెలలు మందలు తిరుగుతాయి. మా ఇంటికి పాలు పోయించుకోవడానికి వచ్చే గొర్రెల కాపరిని ఈ ప్లాంటు గురించి అడిగాను. "కంచె ఏస్తే మేం యాడికి పోవాల టీచరమ్మా? ఆ గడ్డిలో కాసింత మా జీవాలకి ఇస్తారేమో అడుగు" అన్నాడు. అడుగు అని నాకు పురమాయించాడు కాబట్టి అడుగుతున్నాను. ఆ నేలని కంపెనీకి లీజుకిచ్చేటప్పుడు అక్కడ మేపుకునే వాళ్ల పేర్లు రాసుకోవాలి. కోతలో ఒక వంతు పచ్చిగడ్డి ఊరి పశువులకి కట్టుబడి ఉండాలి. ఎండాకాలంలో వరిగడ్డి మోపు ధర అడిగితే గుండె గుభేల్‌మనే ఊళ్లు ఇవి. గడ్డి పండించే ఊళ్లో గేదెకి గడ్డి లేకపోతే ఆ సిగ్గు ఎవరిది?

ఇథనాల్ గురించి రెండు మాటలే. నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ, మూడు చోట్లా ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు ఎందుకు రోడ్డెక్కారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. నీళ్లు, వాసన, వాగులో కలిసే వ్యర్థం. ముందు ఎవరూ అడగలేదన్న కోపం. పెట్రోలులో 20 శాతం కలిపే లక్ష్యాన్ని 2030 నుంచి 2025కి జరిపింది ఢిల్లీ. తొందర మాత్రం ఊళ్ల మీద పడింది. మొక్కజొన్న రైతుకి కొన్ని నెలలు మంచి ధర వచ్చిన మాట నిజం, కోళ్ల ఫారాల వాళ్లు దాణా ధర చూసి లబోదిబోమన్న మాటా నిజం. తిండిగింజతో నడిచే ఇంధనం మీద నాకు మొదటి నుంచీ గురి లేదు. గడ్డి, పేడ, కంది కంప, పొగాకు మోళ్లు వేరు. వాటి మీద నాకు ఆశ ఉంది కాబట్టే ఇంత సాగదీస్తున్నాను.

నన్నడిగితే మొదలుపెట్టాల్సింది పాల కేంద్రాల దగ్గర. పొద్దున్నా సాయంత్రం పాలు పోయడానికి ఎలాగూ వస్తారు. ఇరవై ముప్పై ఇళ్ల పేడ అక్కడికే చేరితే చిన్న ప్లాంటు నడుస్తుంది, ఆ గ్యాసుతో పాలు చల్లబరిచే జనరేటరు తిరుగుతుంది, స్లర్రీ ఎడ్లబండి దూరంలో ఉన్న చేలకే పోతుంది. దీనికి కేంద్రం దగ్గర డబ్బు లేక కాదు. స్వచ్ఛభారత్ రెండో దశలో గోబర్ధన్ కింద జిల్లాకి 50 లక్షల దాకా ఇస్తామన్నారు. ఒక్క పెద్ద ప్లాంటు ఖర్చులో అలాంటి 50 లక్షలు 260 ఉన్నాయి. అది కంపెనీ సొమ్ము, ఇది సర్కారు సొమ్ము, కలిపి చూడకూడదంటారు. సరే. కానీ కంపెనీకి ఇస్తున్న నేల, రాయితీలు, మళ్లించే నీళ్లు ఎవరి సొమ్ము? ఆ లెక్క కూడా పక్కన వేస్తే అంతరం కాస్త తగ్గుతుంది.

పెద్ద ప్లాంటు ఎలాగూ వస్తోంది. అందుకే లీజు కాగితంలో గడ్డి ధర కన్నా ముందు స్లర్రీ గురించి రాయాలంటాను. ఏ ఎకరం నుంచి ఎన్ని టన్నుల గడ్డి వెళ్లిందో అందుకు తగ్గ ఎరువు ఆ ఎకరానికే, తోలకం ఖర్చుతో సహా కంపెనీయే చేర్చాలి. ఏడాదికోసారి మట్టి పరీక్ష చేయించి, ఫలితం గ్రామసభలో చదవాలి. సారం తగ్గితే లీజు మొత్తం పెరగాలి. కాటా దగ్గర సంఘం ఆడవాళ్లలో ఒకరు జీతం మీద కూర్చోవాలి, తూనిక చీటీ తెలుగులో ఇవ్వాలి. ఇందులో ఏదీ కంపెనీని ముంచేసే కోరిక కాదు. ఎరువు అమ్ముడుపోక కంపెనీలు పడుతున్న అవస్థకీ మందు ఇందులోనే ఉంది.

మా గ్రామసభ వచ్చే నెలలో ఉంటుందని చెబుతున్నారు. ఆ రోజు ముందుగా అడగబోయేది చిన్నది: దివాకరపల్లి ఒప్పందం తెలుగు ప్రతి ఒకటి పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించండి. చదువుకోవడానికి నా దగ్గర కళ్లద్దాలున్నాయి, చదివి వినిపించడానికి తీరికా ఉంది.